చీకట్లో వెళ్లి చీకట్లో వచ్చేవాడికి పొలం కనిపించదు



జీవామృతం తయారీ మీద పెట్టిన వీడియో చూసి చాలామంది ఫోన్ చేశారు. బెల్లం ఎంత, ఆవు మూత్రం ఎంత అని అడిగినవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది అడిగింది వేరే. "తమ్ముడూ, నేను విశాఖలో పని చేస్తన్నాను. ఊళ్లో రెండెకరాలుంది. రోజూ ఇంటి నుంచే వెళ్లొస్తాను కాబట్టి ప్రకృతి వ్యవసాయం పెట్టుకోవచ్చా?" అని. విజయనగరం నుంచి అడిగారు, రణస్థలం నుంచి అడిగారు, ఒకాయన ఏకంగా బస్సులో కూర్చునే అడిగాడు, వెనకాల కండక్టరు గొంతు వినిపిస్తోంది.

వాళ్లకి ఫోన్లో "చూద్దాం అన్నా" అని చెప్పి పెట్టేశాను. ఎందుకంటే ఆ పని నేను ఆరేళ్లు చేశాను. ఏమైందో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. ఈ వారం వీడియోలో వంగ మడి, నవధాన్యాల మడి చూపించాను గానీ ఈ సంగతి కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

మాది భోగాపురం మండలంలో సముద్రం వైపు ఊరు. జీడి తోటలు, సరుగుడు, కొబ్బరి, మధ్యలో కూరగాయల మడులు. ఇంటి నుంచి హైవేకి 5 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ 45 కిలోమీటర్లు. అగ్రికల్చర్ డిప్లొమా అయ్యాక కొన్నాళ్లు ఇటూ అటూ తిరిగి, 2014లో గాజువాక వైపు ఒక కంపెనీలో కుదిరాను. కంపెనీ పేరు వద్దు, వాళ్ల తప్పేమీ లేదు. మొదట్లో జీతం 11 వేలు. అక్కడే గది తీసుకుంటే సగం జీతం అద్దెకే పోతుంది. "ఇంటి నుంచి వెళ్లొస్తే అద్దె మిగులు, అమ్మ చేతి అన్నం, పొలం కూడా చూసుకోవచ్చు" అని లెక్క వేశాను. కాగితం మీద ఆ లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం. ఐదుంపావుకి బండి మీద జంక్షన్‌కి వెళ్లి ఒక కొట్టు పక్కన పెట్టడం. బస్సు. తగరపువలస, ఆనందపురం, మధురవాడ. అక్కడిదాకా బాగానే వెళ్తుంది. హనుమంతవాక దగ్గర నుంచి మన చేతిలో ఉండదు. కాంప్లెక్స్‌లో దిగి ఇంకో బస్సు. ఎన్ఏడీ దగ్గర ఫ్లైఓవర్ కడుతున్న రోజుల్లో అయితే ఒక్కోసారి అక్కడే అరగంట. పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర.

ఒకసారి బస్సులో కూర్చుని ఫోన్లో లెక్కేశాను. రోజుకి 5 గంటలు, ఏడాదికి 300 రోజులు, మొత్తం 1,500 గంటలు. 24తో భాగిస్తే 62 రోజులు. అంటే ఏడాదిలో రెండు నెలలు పగలూ రాత్రీ దిగకుండా బస్సులోనే ఉన్నట్టు. లెక్క చూసుకుని ఫోన్ జేబులో పెట్టేసి నిద్రపోయాను. ఏం చెయ్యగలం అని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి వలస కొత్త కాదు. మన తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్ల మీద పని చేస్తారు. చెన్నైకి, హైదరాబాద్‌కి కట్టుబడి పనులకి ఊళ్లకి ఊళ్లే వెళ్తాయి. అలా వెళ్లినవాడు ఇంట్లో లేడని అందరికీ తెలుసు. వాడి పొలం అన్నదమ్ములు చూస్తారు, పక్కింటివాళ్లు ఇంటి మీద ఓ కన్నేసి ఉంచుతారు, వాడు పండక్కి వస్తే మర్యాద చేస్తారు. రోజూ వెళ్లొచ్చేవాడి సంగతి అలా కాదు. వాడు ఇంట్లో ఉన్నట్టే లెక్క. చెప్పులు గుమ్మంలో ఉంటాయి, కంచం ఉంటుంది, మంచం ఉంటుంది. మనిషి మాత్రం ఉండడు. ఉండట్లేదని ఇంట్లోవాళ్లు అనుకోరు, వాడూ అనుకోడు.

పొలానికి మాత్రం తెలిసిపోతుంది.

జీవామృతం సంగతే తీసుకోండి. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను వేసి 48 గంటలు నీడలో ఉంచుతాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో తిప్పాలి. పొద్దునా సాయంత్రమూ! సరిగ్గా నేను బస్సులో ఉండే వేళలు. ప్రకృతి వ్యవసాయంలో డబ్బు ఖర్చు తక్కువ అని అందరం చెప్తాం. కంటి ఖర్చు ఎక్కువ అని చెప్పం. పురుగు మందు కొట్టే రైతు దుకాణానికి వెళ్లి "ఇదిగో ఇలా ఉంది" అంటే వాళ్లు సీసా ఇస్తారు. మనకి ఆ సీసా లేదు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే, గుడ్డు దశలోనే చూడాలి. వంగలో తల వాల్చిన కొమ్మ కనిపిస్తే ఆ రోజే తుంచి పారెయ్యాలి. వాలిన కొమ్మ ఏదో పొద్దున వెలుతురులో నడిస్తేనే తెలుస్తుంది. రాత్రి పదింటికి సెల్‌ఫోన్ లైటు వేసి వెతికితే కనపడదు. నేను వెతికాను కాబట్టి చెప్తున్నాను.

2019 రబీలో అరెకరం మొక్కజొన్న వేశాను. అప్పటికి కత్తెర పురుగు మన దేశానికి వచ్చి ఏడాది దాటింది, దాని గురించి నాకు బాగా తెలుసు. గుడ్లు రెండు మూడు రోజుల్లో పగులుతాయి, పిల్ల పురుగులు ఆకు మీద గోకితే తెల్లటి మచ్చలు పడతాయి, ఆ దశలో నీమాస్త్రం పనిచేస్తుంది, పెద్దదై సుడిలోకి దూరాక ఏదీ పనిచెయ్యదు. ఇవన్నీ బస్సులో పక్క సీటాయనకి పాఠంలా చెప్పాను కూడా. ఒక ఆదివారం పొలానికి వెళ్తే బాగానే ఉంది. తర్వాతి ఆదివారం ఆడిట్ అని ఆఫీసుకి పిలిచారు. ఆ పై ఆదివారం వెళ్లేసరికి సుడులన్నీ రంపపు పొట్టు పోసినట్టున్నాయి. నాకు తెలిసిన విద్య 50 కిలోమీటర్ల అవతల ఉంది, పురుగు ఇక్కడ ఉంది.

నష్టం అంటే పంటే కాదు. మనిషిలో జరిగేది నెమ్మదిగా జరుగుతుంది, అందుకే చెప్పడం కష్టం. ఒళ్లు నొప్పులు కాదు నేననేది. ఒళ్లు అలిసిపోతే నిద్రపడుతుంది. కలుపు తీసిన రోజు చూడండి, ఎంత హాయిగా పడుతుందో. ప్రయాణం అలసట అలాంటిది కాదు. రెండున్నర గంటలు ఏ పనీ చెయ్యకుండా కూర్చుంటాం, కానీ లోపల ఒకటే లెక్కలు. ఈ బస్సు తప్పితే తర్వాతిది ఎన్నింటికి, సీటు దొరుకుతుందా, ఏడు నిమిషాలు లేటైతే పంచింగ్ పడుతుందా. దూరం రోజూ ఒకేలా ఉంటే మనసు అలవాటు పడుతుందేమో. ఈ రోజు ట్రాఫిక్ ఎంత అన్నది రోజూ కొత్తే కాబట్టి అలవాటు పడదు. ఇంటికొచ్చాక కూడా ఆ లెక్కలు ఆగవు. నేను వాకిట్లో బండి ఆపి లోపలికి వెళ్లకుండా పది నిమిషాలు ఊరికే కూర్చునేవాణ్ణి. ఎందుకని మా ఆవిడ అడిగితే ఫోన్ చూసుకుంటున్నాను అనేవాణ్ణి. పిల్ల గ్లాసు పడేస్తే పెద్ద కేక. కూరలో ఉప్పు తగ్గితే మాట. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటేసరికి కడుపులో ఏదో బరువు, సోమవారం గుర్తొచ్చి.

ఒకటి ఒప్పుకోవాలి. బస్సు అంతా చెడ్డది కాదు. సుభాష్ పాలేకర్ గారి ఉపన్యాసాలు నేను విన్నదంతా బస్సులోనే, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. ఆచ్ఛాదన, వాపస అన్న మాటలు మొదట అక్కడే విన్నాను. మా అయిదున్నర బస్సులో బుట్టలతో ఎక్కే అప్పలు, కాలేజీ పిల్లలు, మేము ఒక కుటుంబంలా ఉండేవాళ్లం. ఎవరైనా రాకపోతే అడిగేవాళ్లం. నేల గురించి అన్ని పాఠాలు విని నేల మీద కాలు పెట్టకపోవడమే వింత.

దీని మీద పెద్దపెద్దవాళ్లు పరిశోధన చేశారని నాకు తర్వాత తెలిసింది. నోబెల్ బహుమతి అందుకున్న డేనియల్ కానెమన్, ఆయన తోటివాళ్లు అమెరికాలోని టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినులని ఒక రోజులో చేసిన ఒక్కో పనీ ఎలా అనిపించిందో రాయమన్నారు. 2004లో అచ్చయింది. అందరికీ అట్టడుగున అనిపించినవాటిలో పొద్దున ఉద్యోగానికి వెళ్లే ప్రయాణం ఉంది. స్టట్జర్, ఫ్రే అని ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల లెక్కలు తీసి 2008లో రాసింది నాకు ఇంకా దగ్గరగా తగిలింది. దూరం వెళ్లేవాడు ఎక్కువ జీతం కోసమో తక్కువ అద్దె కోసమో వెళ్తాడు, కాబట్టి నష్టం అక్కడ పూడిపోవాలి కదా? పూడటం లేదట. ప్రయాణం పెరిగినకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతూనే ఉంది. నా 2014 నాటి కాగితం లెక్క గుర్తొచ్చింది.

ఇంగ్లండ్‌లో 2011లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఈ ప్రయాణాల దెబ్బ మగవాళ్ల కంటే ఆడవాళ్ల మనసు మీద ఎక్కువ పడుతోందని తేలింది. దీనికి మాత్రం మనకి ఇంగ్లండ్ అక్కర్లేదు. రొయ్యల ప్లాంట్లకి కంపెనీ బస్సుల్లో వెళ్లే మన ఊళ్ల ఆడవాళ్లని చూడండి. వాళ్లు బస్సెక్కే ముందే ఒక పూట పని అయిపోతుంది, దిగాక ఇంకో పూట మొదలవుతుంది. నాకు కనీసం వాకిట్లో పది నిమిషాలు కూర్చునే వీలుండేది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. మొదటి నాలుగు రోజులు నిద్రపోయాను. అయిదో రోజు పొద్దున ఆరున్నరకి నాన్నతో పొలానికి నడిచాను. ఇరవై నిమిషాల నడక, గెడ్డ దాటి వెళ్లాలి. అప్పుడు చూశాను. నాన్న వంగ మొక్కలకి జీవామృతం పోస్తున్నారు. జానెడు పక్కకి పోస్తున్నారు. పోసే ముందు చేత్తో ఆకు తడుముతున్నారు.

"నాన్నా, కళ్లు కనపడట్లేదా?"

"ఏటో బాబూ, మంచు పట్టినట్టుంటంది. సంకురేత్రికి ముందు నుంచీ అలగే ఉంది."

సంక్రాంతికి ముందు నుంచి. ఒకే ఇంట్లో ఉన్నాం. మూడు నెలల పైన నాకు తెలియలేదు. నేను వెళ్లేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు చీకటి, ఆదివారం నిద్ర. మా నాన్న మొహాన్ని వెలుతురులో చూసి ఎన్నాళ్లయిందో నాకే తెలీదు. ఆ ఫిబ్రవరిలోనే ఒక రాత్రి ఆయన మీద అరిచాను. "వాడిపోయిన కొమ్మలు తుంచమని వందసార్లు చెప్పాను, ఎందుకు తుంచవు?" అని. ఆయన ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని వెళ్లి పడుకున్నారు. కొమ్మ వాలిందో లేదో ఆయనకి కనపడితే కదా.

"చెప్పొచ్చు కదా" అన్నాను గెడ్డ గట్టు మీద కూర్చుని.

"నువ్వు అలిసిపోయి వస్తావు. వచ్చీ రాగానే ఏటి చెప్తాను?" అన్నారు.

శుక్లాలు. బళ్లు తిరగడం మొదలయ్యాక విజయనగరంలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగానే ఉన్నారు. ఈ వారం వీడియోలో డ్రమ్ము తిప్పుతూ కనిపించేది ఆయనే. జూన్‌లో కంపెనీ రమ్మంటే వెళ్లలేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండును. కాలేదు, ఎందుకంటే నా బుద్ధి మారలేదు. పొలం మొత్తం ప్రకృతి వ్యవసాయంలోకి తెచ్చాను, ఆఖరికి 20 సెంట్లలో ఏటీఎం మోడల్ పెట్టి రోజూ ఏదో ఒకటి కోతకి వచ్చేలా చేశాను. కోసింది అమ్మాలి. మంచి ధర ఎక్కడ? మధురవాడ, ఎండాడ అపార్ట్‌మెంట్లలో. 2021 నుంచి ఒక పాత టాటా ఏస్ తీసుకుని రోజూ బయల్దేరాను. తెల్లవారుజామున మూడున్నరకి. ఈసారి నేనే యజమానిని, నేనే డ్రైవర్‌ని. "సొంత పని, దీనికి అలుపేంటి" అనుకున్నాను. ఆర్డర్ల గ్రూపు రాత్రి పదకొండు దాకా మోగేది. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. నెలకి ఖర్చులు పోను 38 వేల దాకా వచ్చేది. మా నాన్న ఒకరోజు అన్నారు: "ఒరే, ఉద్దోగం మానీసేవు అనుకున్నాను. రోడ్డు మీద ఉద్దోగం మాత్రం మాన్లేదు నువ్వు."

2022 చలికాలంలో, ఒక తెల్లవారుజామున తగరపువలస దాటాక కళ్లు మూతపడ్డాయి. ఎంతసేపో తెలీదు. ముందు లారీ వెనక దీపాలు చాలా పెద్దగా కనిపించాయి. బ్రేకు పట్టింది. వెనకాల టమాటా ట్రేలు ముందుకొచ్చి క్యాబిన్‌కి కొట్టుకున్నాయి. పక్కకి ఆపి దిగితే కాళ్లు వణుకుతున్నాయి. హైవే ఆరు లైన్లయింది, సాఫీగా ఉంది, అందుకే నిద్ర కూడా సాఫీగా పట్టేసింది. రోడ్డు బాగుపడితే టైము మిగులుతుందని మనం అనుకుంటాం. ఇంతకుముందు విజయనగరం దాకా వెళ్లేవాడు ఇప్పుడు విశాఖ దాకా వెళ్తున్నాడు, అంతే. మిగిలిన టైముని మళ్లీ దూరమే తినేస్తోంది. మా దగ్గరి అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం పేరు చెప్పి ఇంకా రోడ్లు వస్తాయంటున్నారు. రానివ్వండి, మంచిదే. ఆ విమానాశ్రయం కోసం మరడపాలెం, బొల్లింకలపాలెం లాంటి ఊళ్లు లేచి వేరే చోటికి వెళ్లాయి. పెరటి గుమ్మం దాటితే మడి ఉండటం ఎంత సుఖమో అది పోగొట్టుకున్నవాళ్లని అడిగితే చెప్తారు.

ఆ లారీ తర్వాత చేసిన పని చిన్నదే. మా చుట్టుపక్కల ప్రకృతి వ్యవసాయం చేసే ఆరుగురం కూర్చున్నాం. విశాఖకి బుధ, ఆదివారాలే. ఆరుగురి సరుకూ ఒకే బండిలో. డ్రైవింగ్ వంతులు. ఒక్కొక్కరికి మూడు వారాలకి ఒకసారి వస్తుంది. నెలకి డీజిల్ అందరం పంచుకుంటాం. తేలిగ్గా కుదరలేదు. ఆకుకూరలు వారానికి రెండుసార్లంటే నిలవవు, వాటిని విశాఖ మానేసి ఇక్కడి సంతకే మళ్లించాం, ధర సగం. రోజూ తాజా కావాలన్న కస్టమర్లు కొందరు వెళ్లిపోయారు. ఎవరి వంకాయ మీద మచ్చలున్నాయని రెండుసార్లు గట్టిగా గొడవ. నా ఆదాయం మొదటి నాలుగు నెలలు 29 వేలకి పడిపోయింది, ఇప్పుడు 33 దగ్గర ఆడుతోంది. అంటే నెలకి 5 వేలు తక్కువ. దానికి బదులు నాకు వచ్చింది పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా. ఆ రెండు గంటల్లో ఈ ఏడాది వంగలో కొమ్మ తొలిచే పురుగుని చేత్తోనే అదుపులో పెట్టాను. మా పాప బడికి వెళ్లే ముందు గెడ్డ దాకా వెంట వస్తుంది. చిన్నప్పుడు నేను పగలు ఇంట్లో కనిపిస్తే "ఈరోజు ఆదివారమా?" అని వాళ్లమ్మని అడిగేది. అది దానికి గుర్తు లేదు. నాకుంది.

ఇక ఫోన్ చేసిన అన్నలకి జవాబు. ఉద్యోగం మానెయ్యమని నేను చెప్పను. అప్పులుంటాయి, పిల్లల ఫీజులుంటాయి, పొలం మీద నెలజీతం రాదు. ఉద్యోగం ఉంచుకునే మొదలుపెట్టండి, కానీ రెండెకరాలతో కాదు. మీరు లేనప్పుడు వెలుతురులో పొలం చూసే మనిషి ఇంట్లో ఎవరో ముందు తేల్చుకోండి. ఆ మనిషిని అడిగి తేల్చుకోండి, మీరే అనేసుకోకండి. రోజూ చూడక్కర్లేని పంటలు వెయ్యండి. జీడి, మామిడి ఉంటే వాటి కిందే ఘనజీవామృతం, ఆచ్ఛాదనతో మొదలుపెట్టండి. తొలకరికి ముందు నవధాన్యాలు చల్లండి. వంగ, బెండ జోలికి వెళ్లొద్దు. షిఫ్టు ఒక గంట ముందుకో వెనక్కో జరిపితే ఒక పూట వెలుతురు దొరుకుతుందేమో అడగండి. నేను ఆరేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

వాకిట్లో బండి మీద ఊరికే కూర్చుండిపోతున్నా, ఆదివారం సాయంత్రం కడుపులో బరువుగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా అది బద్ధకం అనుకోవద్దు. ఎవరితోనైనా చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టింది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. నాకు అవసరమైన రోజుల్లో అది లేదు.

మా మావయ్య కొడుకు ఒకడు పైడిభీమవరం ఫార్మా కంపెనీలో చేస్తాడు. షిఫ్టు బస్సు వాణ్ణి జంక్షన్‌లో దింపేసరికి ఒక్కోసారి రాత్రి పదకొండు. పోయిన నెల వాడూ డ్రమ్ము పెట్టాడు, మా కల్లం పక్కనే. "అన్నియ్యా, సాయంత్రం పూట నాది కూడా ఓసారి తిప్పేద్దూ" అన్నాడు. తిప్పుతున్నాను. ఈ ఆదివారం వాడు నిద్రలేచాక ఇది చదివి వినిపించాలి.